మంచు పడేకాడికి

ఇరవై రెండేళ్ల కాపురంలో భిక్షం తనకేం కావాలో ఎన్నడూ నోరు తెరిచి చెప్పలేదు. రేణుకమ్మ ఆ మాట మొదటిసారి విన్నది సాగర్ రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో, అదీ పరాయి మనిషి అడిగితే.

బట్టల దుకాణంలో నింపిన కూపన్‌కు బహుమతి తగిలిందని, భార్యాభర్తలిద్దరూ రావాలని ఫోనొస్తే పోయారు. టై కట్టుకున్నాయన ఏటా ఊళ్లు తిప్పి చూపించే హాలిడే క్లబ్ గురించి గంటసేపు చెప్పి, "మీకు ఎక్కడికి పోవాలనుంది సార్?" అని అడిగాడు. రాళ్లు పగలగొట్టే స్టోన్ క్రషర్‌లో మిషన్ నడిపే భిక్షాన్ని అంతవరకు ఎవరూ సార్ అనలేదు. ఆయన కాసేపు తన చేతులు చూసుకుని, "మంచు పడేకాడికి" అన్నాడు. రేణుకమ్మ ఆశ్చర్యంగా ఆయన వైపు తిరిగింది. ఆ ఆశ్చర్యంలోనే అడ్వాన్సు కట్టి, సభ్యత్వం కాగితాల మీద తనూ సంతకం పెట్టేసింది.

ఆమె అంగన్‌వాడీ టీచరు. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాలను రోజుకింత కూడబలుక్కుని చదివింది. పోయినా పోకున్నా ఏటేటా డబ్బు కట్టాల్సిందేనట, పాతికేళ్లు. వద్దనుకుంటే పది రోజుల్లోపు రాసి పంపాలట. అప్పటికి ఎనిమిదో రోజు.

"మనతోని కాదు. రద్దు చేసుకుందాం" అంది.

"సరే. నువ్వు చెప్పు, నేను రాస్త."

ఆయన కాస్త ఎదురు చెప్పినా ఆమెకు తేలికగా ఉండేది. ఉత్తరం సగమయ్యాక ఉండబట్టలేక అడిగింది, "మంచే ఎందుకు?"

ఆయనకు వినబడలేదు. మళ్లీ గట్టిగా అడిగింది.

"మంచు పడంగ సప్పుడు రాదంట, రేణుకా. నా చెవులల్ల ఇంట్ల ఉన్నా మిషన్ తిరుగుతనే ఉంటది. గసొంటి తావుల జరసేపు కూసుంటే ఆగుతదేమో అనుకున్న."

ఇన్నేళ్లు పక్కనే ఉండీ ఆ సంగతి తనకు తెలియలేదు. ఉత్తరం చింపేయాలనిపించింది. చింపలేదు. "కింద పేరు రాయి" అని, తనే పోస్టాఫీసుకు పోయి రిజిస్టర్ చేసి వచ్చింది.

నాలుగు రోజులకు క్లబ్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. వినబడాలని భిక్షం స్పీకర్ పెడితే, పక్కనున్న రేణుకమ్మకూ వినబడింది.

"ఇంకోసారి ఆలోచించండి సార్. మంచి అవకాశం."

"వద్దమ్మా, రద్దు చెయ్యి." ఫోన్ పెట్టేయబోయి ఆగాడు. "నువ్వు పోయినవా గాడికి? మంచు పడేటప్పుడు నిజంగనే సప్పుడు ఉండదా?"



"నేను పోలేదు సార్" అంది ఆ అమ్మాయి, చిన్న గొంతుతో. "మాకు సెలవు దొరకదు."

"అట్లనా. మంచిది బిడ్డా."

వారం తిరిగేసరికి ఒప్పందం రద్దయిందని మెసేజ్ వచ్చింది, కట్టిన డబ్బూ వెనక్కి వచ్చింది. రేణుకమ్మ చూపిస్తే భిక్షం తలూపి, టిఫిన్ డబ్బా బండికి తగిలించుకుని పనికి వెళ్లిపోయాడు. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. పోయి చూశానని, చప్పుడే ఉండదని ఆ అమ్మాయి అబద్ధమాడినా బాగుండేదనిపించింది.