సింహాచలం గారి ఫ్యూజు

పోయినేడాది వినాయక చవితి హారతి వేళ మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీ పందిట్లో వైరు కాలింది. వెనకాల తెరకి కూడా నిప్పంటుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తగిలిందల్లా మా ఆయన పరువుకే. లైట్లు పెట్టింది ఆయన కదా! పూజా కమిటీ కార్యదర్శి సింహాచలం గారు అందరి ముందూ, "షెడ్డులో ఇంజన్లు సూస్తాడంట, పందిట్లో నాలుగు బల్బులు పెట్టడం రాదు" అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వు ఇవాళ్టికీ నా చెవుల్లోనే ఉంది.

మా ఆయన సూర్యం ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో టెక్నీషియన్. ఆ రోజు నుంచి పందిరి మొహం చూడలేదు. ఇంట్లో ఫ్యాను ఆగినా "ఎవరినైనా పిలు" అంటాడు. సింహాచలాన్ని మాత్రం ఒక్క మాట అనడు. ఆయన అనకపోతే పోనీ, నేను ఊరుకుంటానా? సర్కండాలో ఒక స్కూల్లో పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను నేను. వోల్టులూ ఆంపియర్లూ నాకు పప్పూ ఉప్పూ. వాటితోనే సింహాచలం పని పట్టాలనుకున్నాను.

ఈసారి లైట్లన్నీ సింహాచలమే దగ్గరుండి పెట్టించాడు. కరెంటు ఎప్పటిలాగే ఆయన క్వార్టరు వరండా నుంచి. అక్కడ పాతకాలం పింగాణీ ఫ్యూజు ఉంది. ఎక్కువ కరెంటు లాగితే అందులోని సన్నటి తీగ కరిగి అన్నీ ఆరిపోవాలి. అది పది ఆంపియర్లది. లైట్లూ మైకూ కలిసి తొమ్మిది లాగుతున్నాయని మా ఆయన మీటరు వైరుకి తగిలించి చూసుకున్నాను. మిగతాది బడిపిల్లల లెక్క. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. పదిహేను వందల వాట్ల కెటిల్ ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. రెండు పెడితే పదమూడు. తొమ్మిదీ పదమూడూ ఇరవై రెండు. పందిట్లోనే అందరికీ కాఫీ నేనే పెడతానని కమిటీకి ముందే చెప్పాను. సింహాచలం మైకు పట్టుకోగానే స్విచ్చులు నొక్కుతాను, పందిరి చీకటైపోతుంది. అప్పుడు నవ్వమనండి జనాన్ని.

సాయంత్రం హారతికి ముందు ఆయన మైకు అందుకున్నాడు. "సూసేరు గదా! ఈపాలి నానే దగ్గరుండి ఏయించినాను. ఒక్క బల్బు ఆరిందంటే నా పేరు సింహాచలమే కాదు!"

రెండు స్విచ్చులూ నొక్కాను.

లైట్లు కాస్త మసకబారాయి, అంతే. కెటిళ్ళలో నీళ్ళు మరుగుతున్నాయి, ఆయన గొంతు మోగుతూనే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మీటరు చూస్తే ఇరవై. పది ఆంపియర్ల ఫ్యూజు ఇరవైకి ఇంకా ఎలా నిలిచి ఉంది? ప్లగ్గు దగ్గర వోల్టేజీ చూశాను. నూట తొంభై. ఆయన వరండాలో రెండు వందల ముప్పై ఉందని అంతకుముందే చూసి వచ్చాను. మరి నడుమ నలభై వోల్టులు ఏమయ్యాయి? వైరే తినేస్తోంది. నలభైని ఇరవైతో భాగిస్తే రెండు ఓముల అడ్డంకి. నలభైని ఇరవైతో గుణిస్తే ఎనిమిది వందల వాట్ల వేడి. వరండా నుంచి పందిట్లోకి లాగిన ఆ సన్నటి వైరంతా హీటరైపోయింది.

మిగిలిన వైరును చుట్ట చుట్టి తెర వెనక గుంజకి తగిలించారు. ఆ గుంజ పక్కనే డాన్సు పిల్లలు గజ్జెలు కట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది.

నా పగ సింహాచలం మీద, పిల్లల మీద కాదు. ప్లగ్గులు పీకేశాను. పిల్లల్ని బయటికి తరిమాను. పరుగున సింహాచలం వరండాకి వెళ్ళి మెయిన్ ఆపేశాను. పందిరంతా చీకటైంది. ఫ్యూజు ఊడదీసి ఫోను వెలుగులో చూస్తే, సన్నటి తీగ ఉండాల్సిన చోట లావుపాటి రాగి తీగలు మెలిపెట్టి బిగించి ఉన్నాయి. ఇంక అది ఎందుకు కరుగుతుంది?

సింహాచలం రొప్పుతూ వచ్చాడు. వెనకాలే జనం.

"ఏటమ్మా ఇది! హారతి యేల కరెంటు తీసీసినావేటి? దిమాగ్ ఖరాబైపోనాదా?"

"ఈ తీగ ఎవరు వేశారు మావయ్యగారూ?"

గడపలోంచి ఆయన భార్య అప్పలనర్సమ్మ గారు అందుకుంది. "ఇంకెవులమ్మా, ఈయనే. ఊరికే ఎగిరిపోతందని పోయినేడే ఏసినారు. 'వొద్దు బాబాయ్, వైరు కాలిపోద్ది' అని ఆ సూర్యం ఎంత సెప్పినా ఇన్నారేటి?"

సూర్యం చెప్పాడన్నమాట! ఆ సంగతి నాకు కూడా చెప్పకుండా ఏడాది పాటు లోపలే దిగమింగుకున్నాడు. కోపంతో కళ్ళ నీళ్ళొచ్చాయి నాకు.

ఫ్యూజుని సింహాచలం అరచేతిలో పెట్టాను. "పోయినేడాది ఎవరి వల్ల కాలిందో చెప్పండి. మైకు పనిచెయ్యదు, గట్టిగా చెప్పండి."

"అచ్ఛా, అయిపోయిందేదో అయిపోనాది గదా..."

"వినబడలేదు."

"నా వల్లే" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నాకు అదొక్కటే లోటు.

"ఇప్పుడు మా ఇంటికెళ్ళి ఆయన్ని మీరే పిలుచుకురండి. అందాకా వినాయకుడు చీకట్లోనే ఉంటాడు."

వెళ్ళాడు. పిలుచుకొచ్చాడు. సూర్యం కాలిన వైరు పీకి పారేసి, లావు వైరు లాగాడు. వరండాలో ఫ్యూజుకి సరైన తీగ బిగిస్తూ నా వంక చూశాడు.

"కాఫీ దగ్గర రెండు కెటిళ్ళున్నాయి. ఒకేసారి ఎవరు పెట్టారు?"

"నేనే."

ఆయన మనసులో లెక్క కట్టాడని మొహం చూస్తేనే తెలిసింది. ఏడాది తర్వాత మొదటిసారి మీసాల చాటున నవ్వాడు.

టార్చి పట్టుకుని నిలబడ్డది సింహాచలం. వెలుగు ఫ్యూజు మీద కాక పక్క గోడ మీద పడుతోంది.

"కాస్త సరిగ్గా పట్టండి మావయ్యగారూ" అన్నాను. "మా ఆయనకి కనబడాలి."