ఎదురు సీట్లు

పొద్దున ట్రిప్పే నయం, సాయంత్రమైతే జంతువులు నీళ్ళకొస్తాయట గానీ కాస్త మసకపడితే చాలు మా ఆయనకి చేతిలో గ్లాసే కనపడదు, ఊరు దాటితే గంట ప్రయాణం, ఆపైన రెండు గంటలు జీపులో అడవంతా తిప్పుతారు, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి పడొచ్చు, జింకలైనా కనపడకపోవు, జింకలేం ఖర్మ, పులే రావాలి, వచ్చే ఏడాదికి ఆ చూపు ఎంత మిగులుతుందో చెప్పలేనన్నాడు డాక్టరు, పక్కలనుంచి మూసుకొస్తోందమ్మా, మధ్యలో ఉన్నదీ ఉంటుందని నమ్మకం లేదు, అన్నాడు, అంత చల్లగా ఎలా చెప్పగలిగాడో, కళ్ళజోళ్ళ షాపులో రోజూ ఎంతమందికో అద్దాలు అమరుస్తాను, మా ఆయనకి సరిపడే అద్దం మాత్రం ఏ అరలోనూ లేదు, సూదిలో దారం ఇప్పటికీ ఒక్క దెబ్బకి ఎక్కిస్తాడు, కాలరు కుట్టాడంటే వంక పెట్టడానికుండదు, అదే మనిషి నిన్న పక్కనున్న బకెట్టు తన్నుకుని వంటింటి నిండా నీళ్ళు చేశాడు, పైగా ఇక్కడెవరు పెట్టారని నన్నే దబాయింపు, నవ్వాను, తర్వాత తుడుస్తూ తుడుస్తూ ఏడ్చాను.

అందుకే డ్రైవరు పక్క సీటు పట్టాను, సూటిగా దారి కనపడుతుంది, తల తిప్పే పనుండదు, ఘనకార్యం చేసినదానిలా ఇంటికొచ్చి చెబితే, కత్తెరైనా కింద పెట్టకుండా, ముందు సీటు నాకొద్దే, వెనకాల ఇద్దరు ఎదురెదురుగా కూర్చునేవి ఉంటాయట, అవి తీసుకో, అంటాడు, వెనకెందుకు, అడవి మీకోసం లోపలికొచ్చి కూర్చుంటుందా, అంటే, తీసుకోవే, ఊరికే వాదించకు, అని మళ్ళీ గుడ్డలో తల దూర్చాడు, ఒళ్ళు మండింది, ఎవరికోసం పడుతున్నాను ఈ తిప్పలన్నీ.

సరే మీ ఇష్టమని జీపాయనకి ఫోన్ చేశాను, మారుస్తానమ్మా, కానీ ఆ సీట్లో కూర్చుంటే ఎదుటి మనిషి మొహం తప్ప ఏమీ సరిగా కనపడదు, తర్వాత నన్నడగొద్దు, అన్నాడు, పులి పులి అని నేనే కలవరించాను గానీ ఈయన ఒక్కసారైనా దాని పేరెత్తాడా, ఇంట్లో నేనెక్కడ కుదురుగా కూర్చుంటాను, పొయ్యి దగ్గరో, పంపు దగ్గరో, గుమ్మం దాటుతూనో, ఎప్పుడు తలెత్తినా ఆయనకి నా వీపే, ఉన్నారా అమ్మా, ముందుదే ఉంచమంటారా, అంటున్నాడు జీపాయన, వద్దు బాబూ, ఎదురు సీట్లే ఇవ్వండి, మా ఆయన చూడాలనుకుంటున్నది నన్ను.