బలానికని ఇచ్చిన పొడి

వడ్రంగికి భార్య నవ్వు వినపడింది. కీమో మొదలయ్యాక ఇంట్లో ఒక్కసారైనా నవ్వని మనిషి, ఆస్పత్రి చివరి గదిలో పాదాలకు మర్దన చేసే ఆవిడ దగ్గర పకపకా నవ్వుతోంది. వికారం, బెంగ తగ్గుతాయని కీమోతో పాటు ఆ మర్దన కూడా చేయించుకోమని డాక్టరే పంపించాడు. తెలిసినా అతనికి ఒళ్లు మండింది. వంట, బట్టలు, వాంతి వచ్చినప్పుడు బేసిన్ పట్టుకోవడం తన వంతు. నవ్వు మాత్రం ఆవిడ వంతు.

తర్వాతి వారం ఆ గది తలుపు ఓరగా ఉంది.

"చచ్చిపోతానేమోనని భయంగా ఉందండీ," అంటోంది భార్య.

ఆ మాట తనతో ఏనాడూ అనలేదు. ఎప్పుడడిగినా "బానే ఉన్నాను" అనేది. ఇంటికెళ్లాక ఆమె పాదం పట్టుకోబోయాడు. అతని అరచేతులు గరుకు కాగితంలా గీసుకుని ఆమె ఉలిక్కిపడింది, కాలు లాక్కుంది.

మర్నాడు బజారులో మూలికల పొడి కొన్నాడు. "జబ్బు మాయమైపోతుంది," అన్నాడు దుకాణదారు. నయమైతే తన చేతి మీదుగానే నయం కావాలనుకున్నాడు వడ్రంగి. బలానికని చెప్పి రోజూ పాలలో కలిపి ఇచ్చాడు. ఆమె చుక్క మిగల్చకుండా తాగేది.

తర్వాతి రక్తపరీక్షలో కాలేయం దెబ్బతిన్నట్టు తేలింది. డాక్టరు ఆ విడత కీమో ఆపేశాడు.

"బయటి మందులేమైనా వాడుతున్నారా?"

"లేదండీ," అంది భార్య, భర్త వైపు చూడకుండా.

తనని కాపాడుతోందని అతనికి అర్థమైంది. ముందుకు జరిగి అన్నాడు: "వాడుతోంది డాక్టరుగారూ. నేనే ఇచ్చాను."

డాక్టరు గట్టిగానే చీవాట్లు పెట్టి, పొడి మాన్పించాడు.

ఆ సాయంత్రం అడిగాడు భార్యని. "ఎందుకు దాచావు?"

"ఆ గ్లాసు తెచ్చిచ్చేటప్పుడు ఎంత సంబరపడిపోయేవారో మీకేం తెలుసు?"

"మరి భయం సంగతి ఆవిడకెందుకు చెప్పావు? నేను లేనా?"

"మీకు చెబితే బెంబేలెత్తిపోతారు. మళ్లీ నేనే మిమ్మల్ని ఓదార్చాలి. ఆవిడ ఊరికే వింటుంది."

"నేనూ ఊరికే వింటాను. చెప్పు."

చెప్పింది. మధ్యలో ధైర్యం చెప్పబోయి, పళ్ల బిగువున ఆపుకున్నాడు. అంతా విన్నాక ఉండబట్టలేక అడిగాడు:

"ఆవిడకి ఇంతకన్నా ఎక్కువ చెప్పావా?"

"ఏం కుళ్లుబోతు మనిషండీ మీరు!"

కాలేయం కుదుటపడ్డాక కీమో మళ్లీ మొదలైంది, మర్దన కూడా. ఎవరే మందు చెప్పినా అతను ముందు డాక్టరునే అడిగేవాడు. మర్దన గది బయట బెంచీ మీద మాత్రం మూతి ముడుచుకునే కూర్చునేవాడు.