వెనిగర్ కోసం వెళ్ళినవాడు

ప్రతి సోమవారం పొద్దున్న పదింటికి, పాటలూ హాస్యాలూ ఆడే లార్క్ హాల్లో బ్యాండుతో రిహార్సల్. ఆ వారం ఆడబోయేవాళ్ళు తమ అంశానికి బ్యాండు వాయించాల్సిన స్వరాల పుస్తకాలు తెచ్చి స్టేజీ అంచున వరసగా పెట్టాలి. ఒకే అంశం ఇద్దరు తెస్తే, పుస్తకం ముందున్నవాళ్ళదే హక్కు. ఆ లాంబెత్ పేటలో రాజుగారి చట్టానికైనా ఎదురు చెప్పేవాళ్ళున్నారు గానీ, ఈ వరసకి లేరు.

మొదటి పుస్తకం ఎప్పుడూ ఆల్ఫ్ రడిల్‌దే. ఆల్ఫ్ పోయి పద్నాలుగు నెలలైంది. అయినా ప్రతి సోమవారం తలుపులు తీసేసరికే గౌనూ బోనెట్టూ వేసుకుని స్టేజీ మీద ఉంటాడు. ఊడ్చే ఆవిడ "కాలెత్తు ఆల్ఫ్" అని చీపురు తిప్పుకుని పోతుంది.

ఒక సోమవారం హెస్టర్ వోకిన్స్ తొమ్మిదిన్నరకే వచ్చింది. అయినా ఆమె పుస్తకం రెండోదే అయింది.

పదకొండేళ్ళు ఆల్ఫ్‌కి నవ్వులు రాసిచ్చిందామె. ఆడదాని మాటలు మగవాడు గౌను వేసుకుని చెబితే ఊరు పగలబడి నవ్వింది. పోస్టరు మీద మాత్రం హెస్టర్ పేరు చీమ తలంతైనా లేదు. ఆఖరుగా రాసిన ఏకపాత్ర "మిసెస్ హాబ్డే". ఇళ్ళల్లో నేల తుడిచే మనిషి. చేప మీద చల్లుకోడానికి వెనిగర్ తెస్తానని వెళ్ళిన మొగుడు తొమ్మిదేళ్ళైనా రాలేదు. వేయించిన చేప పళ్ళెంలో పెట్టుకుని ఎదురుచూస్తూ వాణ్ణి తిడుతుంది. చివర తలుపు చప్పుడవుతుంది. ఆమె ఒక మాట అంటుంది.

ఆ మాట ఆల్ఫ్‌కి తెలియదు. చివరి మాట రిహార్సల్లో పలికితే అరిష్టమని హెస్టర్ దాన్ని కాగితం మీద కూడా పెట్టేది కాదు. ఆట వేళకి, తెర పక్కన, చెవిలో చెప్పేది. మిసెస్ హాబ్డే మొదటిసారి ఆడాల్సిన సోమవారమే, రిహార్సల్ ముగించి టీ తాగుతూ ఆల్ఫ్ కుర్చీలోనే పోయాడు.

"మిసెస్ హాబ్డే నేనే చెబుతాను పిన్నక్ గారూ," అంది హెస్టర్.

"ఆడది ఆడదాని వేషం వేస్తే నవ్వేదెవరమ్మా?" అన్నాడు మేనేజరు పిన్నక్.

"మగాడు వేస్తేనే నవ్వొచ్చేంత వింతగా ఉంటామా మేం?"

బ్యాండు మాస్టరు జెబ్ ఫిడేలు మీద గడ్డం ఆనించి కిసుక్కుమన్నాడు.

"సరే, చెప్పు. కానీ ఆల్ఫ్ పుస్తకం ముందుంది కదా! వాడు తియ్యకపోతే నేనేం చెయ్యను? పన్నెండింటి దాకా చూస్తా. ఆ తర్వాత నువ్వు పెర్సీ లమ్లీకి రాసుకో. అతనికీ గౌను బాగానే నప్పుతుంది."

హెస్టర్ ఆల్ఫ్ ముందుకి వెళ్ళింది. "జరుగు, ఆల్ఫ్."

అతను జరగలేదు. ప్రతి సోమవారం లాగే పెదాలు కదిలిస్తూ మిసెస్ హాబ్డే మొత్తం చెప్పాడు, శబ్దం లేకుండా. చివరికొచ్చి ఆగాడు. బోనెట్టు పక్కకి నెట్టి చెవి ఆమె వైపు వంచాడు.

పద్నాలుగు నెలలుగా ఆ చెవి చూసి ఆమె మొహం తిప్పుకుంటూనే ఉంది. చచ్చినవాళ్ళ చెవిన వేసిన మాట మళ్ళీ మన నోటికి రాదని లాంబెత్‌లో ఎవరికి తెలియదు? తను రాసినవాటిలో అదే అన్నిటికన్నా మంచి మాట.

"ఇదీ నీకేనా?" అంది. గడియారం పన్నెండుకి ఐదు నిమిషాలు చూపిస్తోంది. వంగి, చెవిలో చెప్పింది.

ఆల్ఫ్ భుజాలు అదిరిపోయేలా నవ్వాడు, శబ్దం లేకుండానే. పుస్తకం చంకన పెట్టుకుని వెనక తలుపులోంచి ఎండలోకి వెళ్ళిపోయాడు.

"ఏం చెప్పావు తల్లీ?" అన్నాడు జెబ్.

హెస్టర్ చెప్పబోయింది. ఆ మాట అప్పుడే పోయింది.

సాయంత్రం మిసెస్ హాబ్డే అంతా బాగానే చెప్పింది. తలుపు చప్పుడైంది. నోట్లో ఏమీ లేదు. జెబ్ కమాను గాల్లోనే ఆగింది.

పై గ్యాలరీలోంచి ఎవడో అరిచాడు: "ఏంటి పిన్నీ, నువ్వూ వెనిగర్‌కి వెళ్ళావా?"

హెస్టర్ తెర పక్కకి చూసింది. పదకొండేళ్ళు తను నిలబడి చెవిలో మాటలు పోసిన చోటు. ఖాళీ. ఆమె తలుపు వైపు తిరిగింది.

"వెనిగర్ అక్కర్లేదు, వెళ్ళు. చేప నేనే తినేశాను."

ముందు ఆడవాళ్ళు నవ్వారు. తర్వాత ఎవరు నవ్వారో, ఎంతసేపు నవ్వారో జెబ్‌కే తెలియాలి. అతను ముగింపు వాయించడానికి మూడుసార్లు ఎత్తుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాతి సోమవారం స్టేజీ అంచున మొదటి చోటు ఖాళీగా ఉంది. ఆల్ఫ్ నిలబడే చోట నేల ఇంకా చల్లగానే ఉంది. హెస్టర్ తన పుస్తకం అక్కడ పెట్టి నిలబడింది.

ఊడ్చే ఆవిడ తలెత్తకుండానే, "కాలెత్తు హెస్టర్," అంది.

హెస్టర్ ఎత్తింది.