రంగు లేని అచ్చు

మా అత్తవారింట్లో ఒక ఆచారం ఉంది. కొత్త కోడలి కొంగు మీద మామ చిలక అచ్చు వేయాలి. అప్పటిదాకా ఆ పిల్ల అద్దకపు దిమ్మె ముట్టకూడదు. నా పెళ్లయ్యాక ఒక వేసవి గడిచిపోయింది, నా కొంగు మాత్రం తెల్లగానే ఉంది.

మా మామగారు సుంకప్ప ఉరవకొండలో బట్టలకు అద్దకం వేసేవారు. బావి ఎండి, రంగు బట్ట ఉతకడానికి నీళ్లు లేక పని మానేశారు. కళ్లెదుట ఉంటే మనసు లాగుతుందని, తాతల నాటి కొయ్య దిమ్మెలన్నీ అనంతపురంలోని మ్యూజియానికి ఇచ్చేశారు. అప్పటినుంచి అరుగు మీద కూర్చునే ఉంటారు. ఎదురుగా మేక పోయినా మంత్రి పోయినా ఒకటే చూపు.

నాకేమో ఆ పని నేర్చుకోవాలని ఒకటే ఉబలాటం. బి.ఏ. పుస్తకాల్లో లేని చదువు కదా! మా ఆయన అనంతపురంలో ఆఫీసుకు వెళ్తుంటే నేనూ బస్సెక్కేదాన్ని. మ్యూజియం కాపలాదారు ఎర్రన్న నేను సుంకప్ప కోడలినని బీరువా తెరిచేవాడు. దిమ్మె మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దేదాన్ని. కాగితం అడ్డం ఉంది కాబట్టి ముట్టినట్టు కాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. గీతల దిమ్మె వేరు, రంగు నింపే దిమ్మె వేరు అని అలా తెలిసింది. దిమ్మె మూలన చిన్న మేకు ఉంది. అది గుచ్చిన చోటే తర్వాతి అచ్చు కూర్చోవాలి. అది కనిపెట్టిన రోజు బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను.

ఇంట్లో చిలగడదుంప మీద చిలకను చెక్కి, పసుపునీళ్లలో ముంచి మా ఆయన పాత చొక్కా మీద అద్దాను. చిలక అటువైపు తిరిగి పడింది.

"నీ మీద అలిగినట్టుండాది," అన్నారాయన. ఇద్దరం పడీ పడీ నవ్వాం. మామగారు చొక్కా చూసి, మళ్లీ వీధి వైపు తిరిగారు.

మర్నాడు అడిగేశాను. "మామా, నా కొంగు మీద అచ్చు ఎప్పుడు వేస్తారు?"

"రంగు లేదు, నీళ్లు లేవు. యాడమ్మా వేసేది?"

"రంగు లేకుండానే వేయండి."

మామగారు తలగుడ్డ చుట్టుకుని లేచారు. ఇద్దరం అనంతపురం బస్సెక్కాం.

మ్యూజియంలో ఎర్రన్న ఎదురొచ్చాడు. "ఏం సుంకప్పన్నా, నీ చిలకలకు అద్దాల మేడ కట్టిచ్చినాం. నాకొక బీడీ అన్నా ల్యాదా?"

మామగారు బీడీ ఇచ్చారు, నవ్వలేదు. చిలక దిమ్మెను కళ్లకద్దుకుంటారని చూశాను. ఊరికే అటూ ఇటూ తిప్పి, "చేతికేమీ తెలీడం లేదు," అన్నారు.

నా కొంగును బల్ల మీద పరిచి, దిమ్మె ఆనించి, అరచేతి మొదలుతో ఒక్క దెబ్బ వేశారు. బట్ట మీద చిలక ఆకారంలో చిన్న నొక్కు పడింది. కదిలితే చెదిరిపోయేలా ఉంది. ఎగిరి గంతేయాల్సినదాన్ని, నాకేమీ అనిపించలేదు. ఆయన ముఖంలోనూ ఏమీ లేదు.

"అయిపాయ. ఇంక నువ్వు పట్టుకో."

కొట్టాను.

"వంకర. మేకు గుచ్చిందాడ చూడు. మళ్లా."

కొట్టాను. అరచెయ్యి మొద్దుబారేదాకా కొట్టాను.

"బస్సు పోతాది సుంకప్పన్నా," అని ఎర్రన్న గుమ్మంలోంచి కేకేశాడు.

"పోనీలేప్పా," అన్నారు మామగారు. నా కొంగు ఇంకో మూర ముందుకు లాగి, ముడతలు లేకుండా తనే సర్దారు. "మళ్లా కొట్టు."