వలీబీ పోసిన నీళ్ళు

జగ్గయ్యపేటలో ఆ పేటంతటికీ చంటిపిల్లలకు నీళ్ళు పోసేది వలీబీయే. కాళ్ళు చాపుకుని, బిడ్డను బోర్లా వేసుకుని, నలుగు పెట్టి, చెంబుతో వేణ్ణీళ్ళు జార్చిందంటే ఎంత రాగాలు తీసే పిల్లైనా మూడు గంటలు లేవదు. ఆ నీళ్ళు పారిన చోటల్లా నిద్ర పడుతుంది. మురిక్కాలవ పక్కన కోళ్ళు నిలబడే కునుకు తీస్తాయి. ఆమె చెంబు పట్టుకు రాగానే ఆటోవాళ్ళు బళ్ళు పక్కకు తీసుకుంటారు. తడిసిన ఆటో సాయంత్రందాకా కదలదు మరి.

ఊరి పిల్లలందర్నీ పడుకోబెట్టే మనిషికి సొంత కొడుకుని పడుకోబెట్టడం చేతకాలేదు. ఖయ్యూమ్ సిమెంటు లారీ డ్రైవరు. పది రోజులుగా కంటిమీద కునుకు లేదు. మంచమెక్కితే రాని నిద్ర, స్టీరింగు పడితే ముంచుకొస్తుంది. అతని హారన్ వీధి మొదట్లో వినపడేదాకా వలీబీకీ నిద్రుండదు.

ఆ ఉదయం పరిటాల దగ్గర రెప్ప వాలిందట. డివైడరు జానెడు దూరంలో ఉండగా మెలకువొచ్చిందట. టీ తాగుతూ ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పాడు. వలీబీ లేచి కాగు అందుకుంది.

"వావిలాకు వేసి కాగునిండా నీళ్ళు కాస్తా. కాసేపు తొట్లో కూచో నాయనా."

"నేనేమన్నా చంటోణ్ణా అమ్మా? పన్నెండింటికి లోడుంది. వెంకటరత్నం గారు ఊరుకోరు."

ముప్పై ఐదేళ్ళవాణ్ణి కాళ్ళమీద బోర్లా వేసుకోలేదు కదా. ఆమె పక్కింటికెళ్ళి లహరి బిడ్డకు నీళ్ళు పోసింది. ఈసారి ఆ నీళ్ళు కాలవలోకి పోనివ్వలేదు. బేసిన్లో పట్టి తెచ్చి, వాకిట్లో ఉన్న లారీ టైర్లకు పోసింది.

పన్నెండింటికి ఖయ్యూమ్ తాళం తిప్పితే లారీ గురక పెట్టింది. మెకానిక్కు శాంతయ్య వచ్చి ఇంజనుకు చెవి ఆనించి, ఓనరు వెంకటరత్నానికి ఫోను చేశాడు.

"నిద్రపోతందండీ. లేపితే పాపం, ఎన్నాళ్ళ అలసటో."

"సరే, లేచాకే రమ్మను" అని ఆయన విసుక్కున్నాడు.

ఇక వంక లేదు. ఖయ్యూమ్ పెరట్లో సిమెంటు తొట్లోకి మెడదాకా దిగాడు. వలీబీ వెనక నుంచుని చెంబుతో పోస్తుంటే వీపు మీంచి బూడిదరంగు నీళ్ళు కారాయి. ఎంత బరువు మోస్తున్నాడో నా బిడ్డ అని ఆమెకు ఏడుపొచ్చింది.

"ఇంకో చెంబు పొయ్యమ్మా" అన్నాడు ఖయ్యూమ్, చిన్నప్పటి గొంతుతో. తర్వాత తూలుతూ వెళ్ళి మంచమెక్కాడు.

మర్నాడు సాయంత్రం అతను కళ్ళు తెరిచాడు. అదే క్షణాన వాకిట్లో లారీ దానంతటదే స్టార్టయింది.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది.

"అమ్మా, నందిగామ దాటాక నా కళ్ళు మూతలు పడ్డాయి. లారీయే పక్కకు ఒదిగి ఇంజను ఆపేసుకుంది. అది పడుకుంది. నేనూ పడుకుంటున్నా."

వలీబీ ఫోను పక్కన పెట్టింది. ఊరందరికీ వేణ్ణీళ్ళు పోసి, మిగిలిన చన్నీళ్ళు గబగబా కుమ్మరించుకోవడమే నలభై ఏళ్ళుగా ఆమె స్నానం. పొయ్యి రాజేసి కాగు పెట్టింది. నీళ్ళు కాగాక తొట్లో కూర్చుంది.

ఆ రోజు హారన్ కోసం ఎవరూ మేలుకుని లేరు.