పెద్ద రబ్బర్లు

నేను ఒక ఇయర్‌ఫోన్‌ని. నాకున్న అన్నిటికంటే పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. నేను ఒక తల్లి చెవిలో చక్కగా కుదిరిపోయి, ఆమెకు తన బిడ్డ కాలి మువ్వలు వినపడకుండా పోవడం.

తక్కువ ధర సరుకుగా పుట్టాను. నన్ను తయారుచేసిన చోట రోజుల తరబడి ఒకటే తగవు. మెత్తగా, వదులుగా కూర్చుంటే గొంతు పలచబడిపోతుంది. బిగుతుగా కూర్చుంటే నిండుగా పలుకుతుంది కానీ గంటకే చెవి సలుపుతుంది. చివరికి చిన్నవి, నడిమివి, పెద్దవి అని మూడు జతల రబ్బరు తొడుగులు డబ్బాలో పడేసి, తగవును కొనేవాళ్ల చెవికే వదిలేశారు. నన్ను పరీక్షించిన చెవులన్నీ చల్లటి గదిలో తలుపు మూసుకుని కూర్చున్నవే. వాటిని బయటినుంచి పిలిచేవాళ్లెవరూ లేరు.

మెట్‌పల్లి బస్టాండు ఎదుట దుకాణంలో నన్ను నవనీత కొంది.

"అన్నా, చెవు నొయ్యద్దు, మాట మంచిగ ఇనవడాలె."

"ఈ ధరల రెండూ రావు చెల్లె. ఏదన్న ఒకటి ఇడిసిపెట్టుకోవాలె" అని నవ్వాడు దుకాణదారు.

నవనీత ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు. చేతులకు తీరిక లేదు, చెవులు మాత్రం ఖాళీ. తొమ్మిదో తరగతిలోనే బడి మానిపించారు. ఇప్పుడు పది రాస్తోంది, పాఠాలన్నీ ఫోనులోనే. రెండేళ్ల కూతురు ఆద్య కాళ్లకు మువ్వల పట్టీలు వేసింది సింగారానికి కాదు, చాట మీదినుంచి తల ఎత్తకుండానే పిల్ల ఎక్కడుందో తెలియడానికి. అందుకే చిన్న రబ్బర్లతో నన్ను ఒక్క చెవికే పెట్టుకునేది. నా రెండో ముక్క ఆమె గుండెల మీద వేలాడుతూ మువ్వలకు దారి వదిలేది.

"చెవులకు కమ్మలు వెట్టుకోమంటే బిరడాలు వెట్టుకున్నవేందే?" అనేది అత్త లస్మవ్వ.

"పరీక్ష గాంగనే తీసేస్త అత్తమ్మా."

ఒకరోజు పక్కింట్లో బోరు వేస్తున్నారు. ఆ మోతకు పంతులమ్మ గొంతు అందలేదు. నవనీత పెద్ద రబ్బర్లు తొడిగి నన్ను రెండు చెవుల్లోనూ నొక్కింది. బోరు ఆగిపోయినట్టే అయింది. పంతులమ్మ గుండె గదుల గురించి చెబుతుంటే ఒక్క అక్షరం జారకుండా పలికాను. అంత బాగా ఎన్నడూ పలకలేదు. గర్వపడ్డాను కూడా.

అది నల్లా నీళ్లు వచ్చే రోజు. పైపు వేయడానికి వాకిట్లో నేలలో ఉన్న నీళ్ల సంపు మూత తీసి ఉంది.

ఉన్నట్టుండి నా తీగను తెగేట్టు ఎవరో లాగారు. లస్మవ్వ. ఆమె చంకలో ఆద్య, ఆద్య గుప్పిట్లో తడిసిన బీడీ ఆకు. సంపు అంచున బోర్లా పడుకుని ఆకులు నీళ్లలో వదులుతోందట.

"నీ చెవులల్ల మన్నువొయ్య! పట్టీలు మోగుకుంటనే పోయింది గదనే పిల్ల!"

నవనీత పిల్ల పాదాలు పట్టుకుని, మువ్వల్ని తన చెవి దగ్గర మళ్లీ మళ్లీ ఆడించి చూసింది. లస్మవ్వ ఆ పెద్ద రబ్బర్లు ఊడబీకి తంబాకు డబ్బా అడుగున పడేసింది. కొన్న వస్తువును పారేయడం మనుషులకు చేతకాదు.

ఇవాళ మళ్లీ నల్లా రోజు. చుట్టిన కట్టలు అప్పజెప్పడానికి లస్మవ్వ కార్ఖానాకు పోయింది. పరీక్ష రేపే. పక్కింట్లో ఇనుప రేకులు కోస్తున్నారు. నవనీత సంపులో పైపు వేసి, మూత సగమే మూసి వచ్చి కూర్చుంది. చాలాసేపు ఓర్చుకుంది. గడప దగ్గర ఆడుకుంటున్న పిల్లను ఒకసారి చూసి, తంబాకు డబ్బాలో చెయ్యి పెట్టింది.

"గీ ఒక్క పాఠమే" అంది, ఎవరూ అడగకుండానే.

ఇప్పుడు నా రెండు ముక్కలూ ఆమె చెవుల్లోనే ఉన్నాయి. తంబాకు వాసన వేస్తున్న రబ్బర్లు బాగా బిగిశాయి. పంతులమ్మ గొంతు స్పష్టంగా ఉంది. మువ్వలు మోగుతున్నాయో, ఆగిపోయాయో నాకు తెలియదు. పాఠం ఇంకా పదకొండు నిమిషాలుంది. ఫోను పంపిన మాట పలకడమే తప్ప సొంత మాట నాకు లేదు. ఉంటే పాఠం నడుమనే ఆమె చెవిలో అరిచేదాన్ని.

అందుకే మీకు చెబుతున్నాను. బస్టాండు వెనక రెండో సందు, నీలం గేటు ఇల్లు. గేటు దగ్గరికి వేసి ఉందంతే, గడియ లేదు. నవనీతను పిలవకండి, ఆమెకు వినపడదు. నేరుగా సంపు దగ్గరికి వెళ్లి పాపను చూడండి.